సైకిల్ నీళ్లు తాగదు

నార్స్‌మన్ అనే చిన్న ఊళ్లో కుళాయి దగ్గర సైకిల్ ఆపి సీసాలు నింపుకోవడంతో ఈ ప్రయాణం మొదలవుతుంది. ఫ్రేముకు బిగించిన సీసాలు మూడు. ముందు చక్రానికి అటూ ఇటూ మరో రెండు. వెనక క్యారియర్ మీద తాడుతో కట్టిన మడత సంచిలో ఇంకో ఆరు లీటర్లు. అన్నీ నిండాక సైకిల్‌ని స్టాండు మీంచి దించితే హ్యాండిల్ ఒక పక్కకు లాగేస్తుంది. తూర్పుకు తిరిగితే తర్వాతి పెట్రోలు బంకు 191 కిలోమీటర్ల దూరంలో ఉంది. మధ్యలో ఊరు లేదు, కొట్టు లేదు, టీ బండి లేదు.

అది పశ్చిమ ఆస్ట్రేలియా. అక్కడినుంచి దక్షిణ ఆస్ట్రేలియాలోని సీడూనా ఊరిదాకా ఐర్ హైవే మీద దాదాపు 1,200 కిలోమీటర్లు. ఇచ్ఛాపురంలో బయల్దేరి కోస్తా అంతా దాటుకుంటూ తడ చేరినా దాని కంటే తక్కువే అవుతుంది. మన దారిలో ఎన్ని ఊళ్లు తగులుతాయో లెక్కపెట్టడం కష్టం. అక్కడ తగిలేవి పది పన్నెండు మజిలీలు. వాటిలో చాలావాటిని రోడ్‌హౌస్ అంటారు. ఒక పెట్రోలు బంకు, ఒక వంటగది, నాలుగు అద్దె గదులు, స్నానాల గది, అంతే. ఆ నాలుగు గోడల వెలుగు రాత్రిపూట చాలా దూరం నుంచి కనిపిస్తుంది. కనిపించాక కూడా చేరడానికి గంట పడుతుంది.

ఈ దారిని ఏటా కొందరు సైకిల్ మీద ఒంటరిగా దాటుతారు. ప్రపంచాన్ని చుట్టే రికార్డు వీరులు వీళ్లలో కొందరే. ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చినవాళ్లు, రిటైరయ్యాక బయల్దేరినవాళ్లు, చదువు అయిపోయిన కుర్రాళ్లు ఎక్కువ. రోజుకు ఎనభై నుంచి నూట ఇరవై కిలోమీటర్లు తొక్కితే దాదాపు రెండు వారాల్లో దాటేయవచ్చు. ‘ఒంటరిగా’ అనే మాటకు ఆ రెండు వారాల్లో దొరికే అర్థం మాత్రం బయల్దేరేముందు అనుకున్న అర్థంలా ఉండదు. పెడలు తొక్కేది ఒక్కరే. గొంతు తడిపే ప్రతి గుక్కనూ అక్కడికి ఇంకెవరో చేర్చి ఉంటారు. నూట ముప్పై ఏళ్లుగా ఈ దారి చరిత్రంతా ఇదే.

రాయి తాగేసే వాన

ఈ హైవే దాటే నల్లర్‌బార్ మైదానం విస్తీర్ణం సుమారు రెండు లక్షల చదరపు కిలోమీటర్లు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ మొత్తం అందులో పట్టగా ఇంకా చోటు మిగులుతుంది. కోట్ల ఏళ్ల కిందట అది సముద్రపు అడుగు. గవ్వలూ గుల్లలూ పేరుకుని, గట్టిపడి, పైకి లేచి ఒకే సున్నపురాయి పలకగా మారింది. బెలుం గుహల్లోకో బొర్రా గుహల్లోకో దిగి చూసినవాళ్లకు సున్నపురాయి గుణం కొత్తగా చెప్పక్కర్లేదు. వాన నీటిని పైన నిలవనీయదు, పగుళ్లగుండా లోపలికి లాగేసుకుని కింద గుహలు తొలుచుకుంటుంది. నల్లర్‌బార్ కింద కూడా అలాంటి గుహలు, వాటిలో నీటి మడుగులు ఉన్నాయి. పైన మాత్రం ఒక్క నది పారదు, ఒక్క చెరువు నిలవదు.

ఆ పేరు లాటిన్ మాటల నుంచి వచ్చింది, ‘చెట్టు లేనిది’ అని అర్థం. 1860లలో సర్వే చేయడానికి వచ్చిన ఎడ్మండ్ డెలిసర్ పెట్టాడు. నిజానికి హైవే మీద వెళ్లేవారికి యూకలిప్టస్ పొదలు, ఉప్పునేల తుప్పలు చాలా దూరం తోడుంటాయి. చెట్టన్నది బొత్తిగా లేని నేలను రోడ్డు తాకేది నల్లర్‌బార్ రోడ్‌హౌస్ దగ్గర, కొద్ది కిలోమీటర్లు మాత్రమే. అసలు మైదానం ఉత్తరాన ఉంది. 1917లో పూర్తయిన రైలు మార్గం దాని మీదుగానే పోతుంది, అందులో 478 కిలోమీటర్లు ఒక్క వంపు లేకుండా.

పేరు పెట్టినవాడికి చెట్లు కనిపించలేదు కానీ ఆ నేల మీద మనుషులు వేల ఏళ్లుగా ఉన్నారు. నార్స్‌మన్ తర్వాతి మజిలీ బల్లడోనియా వైపు న్గాజు జనం, సముద్రతీరంలో మిర్నింగ్ జనం. ఎక్కడ తవ్వితే తీపి నీళ్లు పడతాయో, ఏ చెట్టు వేరును విరిచి నిలబెడితే నీళ్లు కారతాయో వాళ్లకు తెలుసు. హైవేకి తన పేరిచ్చిన ఎడ్వర్డ్ జాన్ ఐర్ 1841లో ఈ తీరం వెంట పడమటికి నడిచినప్పుడు, సముద్రపు ఒడ్డు ఇసుక దిబ్బల్లో నీటి చెలమలు చూపించింది స్థానికులే. దారిలో అతని సహచరుడు జాన్ బాక్స్‌టర్ హత్యకు గురయ్యాడు. మిగిలింది ఐర్, నూంగార్ జాతి కుర్రాడు వైలీ. తెల్లారకముందు ఆకుల మీది మంచును స్పంజితో అద్ది పిండుకుని తాగిన రోజులూ ఆ నడకలో ఉన్నాయి. తీరంలో లంగరేసిన ఒక ఫ్రెంచి తిమింగలాల వేట ఓడ వాళ్లకు రెండు వారాలు తిండి, నీడ ఇచ్చింది. ఆ ఏడాది జులైలో ఇద్దరూ ఆల్బనీ చేరారు. రోడ్డుకు ఐర్ పేరు దక్కింది. వైలీ పేరు దారిలో అంతగా వినిపించకపోవడం బాధ కలిగించే విషయం. ఆ నడక వైలీ లేకుండా పూర్తయ్యేది కాదు.

గుర్రానికి బదులు

నీళ్లు లేని ఈ ఎడారిలోకి సైకిల్ ఎందుకు వచ్చింది? బంగారం కోసం.

1892లో కూల్‌గార్డీలో, మరుసటి ఏడాది కాల్‌గూర్లీలో బంగారం బయటపడింది. వేలమంది ఎగబడ్డారు. బంగారం దొరికిన చోట నీళ్లు దొరకలేదు. ఉప్పు సరస్సుల నీటిని కాచి, ఆవిరిని చల్లార్చి, గ్యాలన్ లెక్కన అమ్మేవారు. గుర్రం రోజుకు తాగే నీళ్లు కొనాలంటే దాని యజమానికి కూలి డబ్బంతా చాలేది కాదు. అదే సమయానికి ప్రపంచానికి కొత్త బండి ఒకటి చేతికొచ్చింది. రెండు సమానమైన చక్రాలు, చైను, 1888లో డన్‌లప్ తెచ్చిన గాలి టైర్లు. గడ్డి అడగదు, నీళ్లు తాగదు, దప్పికతో కూలబడదు. బంగారు గనుల కుర్రాళ్లకు అది వరంలా కనిపించింది.

టెలిగ్రాఫ్ తీగ ఇంకా చేరని గుడారాల ఊళ్లకు ఉత్తరాలు సైకిల్ మీదే వెళ్లేవి. కూల్‌గార్డీ సైకిల్ ఎక్స్‌ప్రెస్ అనే ప్రైవేటు కంపెనీ ఏకంగా సొంత స్టాంపులు అచ్చేసుకుంది. ఎవరికో కొత్త గని తగిలిందన్న కబురు, గని వాటాల ధర పెరిగిందన్న కబురు, డాక్టరు కావాలన్న కబురు, అన్నీ పెడళ్ల మీదే పరిగెత్తేవి.

మరి రోడ్లు? వాటి కథ మన ఉపఖండానికి చెందింది. 1860లో కరాచీ ఓడరేవు నుంచి ఇరవైకి పైగా ఒంటెలు మెల్‌బోర్న్‌లో దిగాయి, వాటి వెంట వాటిని తోలేవాళ్లు. ఆ తర్వాత దశాబ్దాల్లో బలూచిస్తాన్, పెషావర్, పంజాబ్, సింధ్ ప్రాంతాల నుంచి వందల మంది ఒంటెల కాపర్లు వెళ్లారు. ఎక్కడివారైనా వాళ్లందరినీ అక్కడ ‘అఫ్గాన్లు’ అనే పిలిచారు. ఎడారి ఊళ్లకు బియ్యం, పిండి, రేకులు, మందులు మోసింది వాళ్ల ఒంటెలే. ఒంటె పాదం వెడల్పు, మెత్తన. వరసగా నడిచే ఒంటెల మంద వెళ్లిన చోట గులకరాళ్లు పక్కకు జరిగి, మట్టి అణిగి, మూరెడు వెడల్పున నున్నటి బాట పడేది. సైకిల్ చక్రానికి అంతకంటే కావలసింది ఏముంది? బండ్ల దారి ఇసుకలో కూరుకుపోతుంటే సైకిల్ కుర్రాళ్లు ఒంటెల బాట పట్టుకుని దూసుకుపోయేవారు. ఆస్ట్రేలియా సైకిల్ చరిత్రలో ఈ ఒంటెల కాపర్ల వాటాను అక్కడి చరిత్రకారులు గుర్తించారు. ఇక్కడ మనకు ఆ సంగతి తెలియకపోవడం విచిత్రం.

ఆ కుర్రాళ్లలో ఒకడు ఆర్థర్ రిచర్డ్‌సన్. 1872లో బ్రెజిల్‌లో పుట్టాడు, బంగారం వెదుక్కుంటూ కూల్‌గార్డీ చేరాడు. 1896 నవంబర్ 24న చిన్న మూట, నీళ్ల తిత్తి సైకిల్‌కు కట్టుకుని అడిలైడ్‌కి బయల్దేరాడు. అక్కడ నవంబర్ అంటే ఎండాకాలం గుమ్మంలో నిలబడ్డట్టే. అంతకు ముందు నల్లర్‌బార్‌ను సైకిల్ మీద దాటినవాళ్లు లేరు. రెండు వేల కిలోమీటర్లకు పైబడిన ఆ దారిని 31 రోజుల్లో తొక్కేశాడు.

అతనికి దారి చూపింది టెలిగ్రాఫ్ తీగ. 1877లో పడమటి తీరాన్ని తూర్పుతో కలుపుతూ వేసిన తీగ అది. స్తంభం తర్వాత స్తంభం చూసుకుంటూ పోతే తప్పిపోయే భయం లేదు. తీగ వెంట చాలా దూరానికి ఒకటిగా కబుర్లు అందుకుని ముందుకు పంపే స్టేషన్లుండేవి. అక్కడ మనుషులుండేవారు, వాన నీళ్లు పట్టుకునే తొట్లు ఉండేవి. ఒక్కడే మైదానం దాటాడని చరిత్ర రాసుకున్నది నిజమే. ఆ తొట్లలో నీళ్లు పట్టిపెట్టిన టెలిగ్రాఫ్ గుమాస్తాల పేర్లు మాత్రం ఆ కథలో వినిపించవు.

ఆ స్టేషన్లలో పెద్దది యూక్లా. రెండు వలస రాష్ట్రాల సరిహద్దులో ఉన్న ఊరు. రెండు వైపులా వాడే టెలిగ్రాఫ్ సంకేతాలు వేర్వేరు. అందుకని ఒక వైపు గుమాస్తా కబురు విని కాగితం మీద రాసి ఇస్తే, మరో వైపు గుమాస్తా దాన్ని తన సంకేతంలో కొట్టి పంపేవాడు. ఖండమంతా మాట్లాడుకునే మాటలు ఆ ఒక్క గదిలో చేతులు మారేవి. తర్వాత కుందేళ్ల దండు వచ్చి దిబ్బల మీది గడ్డిని కొరికేసింది. గడ్డి పోగానే ఇసుక కదిలింది, ఊరి మీదికి నడిచొచ్చింది. ఇప్పుడు అక్కడ సగం ఇసుకలో మునిగిన రాతి గోడలు మిగిలాయి. హైవే మీంచి సముద్రం వైపు నాలుగైదు కిలోమీటర్ల మట్టిదారి. సైకిల్ మీద వచ్చేవాళ్లు ఆ కాస్త దూరం అదనంగా తొక్కి ఆ గోడల పక్కన కూర్చుని వెళుతుంటారు. రిచర్డ్‌సన్ వెళ్లింది ఆ తీగ వెంటే మరి.

అతను అంతటితో ఊరుకోలేదు. 1899 జూన్ 5న పెర్త్‌లో బయల్దేరి ఖండం మొత్తాన్ని చుట్టి 1900 ఫిబ్రవరి 4న తిరిగొచ్చాడు. పద్దెనిమిది వేల కిలోమీటర్లకు పైనే, తోడు లేకుండా. సైకిల్ మీద ఆస్ట్రేలియాను చుట్టిన మొదటి మనిషి అతనే. అదే సమయంలో మరో బృందం ఎదురు దిక్కులో చుడుతూ ఉంది. ఈ మధ్యలో 1897లో జెరోమ్ మ్యురిఫ్ అనే మరో ఒంటరివాడు దక్షిణ తీరం నుంచి ఉత్తర తీరం డార్విన్ దాకా ఎడారి నడిబొడ్డు మీదుగా తొక్కాడు. ఎండకు గాలాడాలని పైజామా వేసుకుని తొక్కాడు. ఆ బట్ట, ఆ మాట రెండూ మన గడ్డ మీంచి పోయినవే.

ముక్కుసూటిగా 146 కిలోమీటర్లు

ఇప్పుడు తారు రోడ్డు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం వేళ 1941లో సైన్యం అవసరాలకని మట్టిరోడ్డు వేయడం మొదలుపెట్టారు. మొత్తం తారు పడటానికి 1976 దాకా పట్టింది.

బల్లడోనియా దాటిన కాసేపటికి రోడ్డు ముక్కుసూటిగా సాగడం మొదలవుతుంది. ఆ తర్వాత 146.6 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి వరంగల్ దాకా అనుకోవచ్చు, ఒక్క మలుపు లేదు. కారులో వెళ్లేవాళ్లు దాన్ని ఫొటో తీసుకుని గంటన్నరలో దాటేస్తారు. సైకిల్ మీద అది ఒకటిన్నర రోజు. కొందరికి రెండు రోజులు. ఎదురుగా వచ్చే లారీ దీపం చుక్కలా కనిపించి, ఎంతకీ దగ్గరకు రాదు. వెనక్కి తిరిగి చూస్తే పొద్దున్నుంచి తొక్కింది కూడా అదే గీత. ఇక్కడ కాళ్ల కంటే మనసు ముందు అలిసిపోతుందని చెప్పేవాళ్లే ఎక్కువ. అందుకని దూరాన్ని ముక్కలు చేసుకుంటారు. ఇంకో పది కిలోమీటర్లకు ఒక బిస్కెట్టు. ఇంకో ఇరవైకి కాసేపు నడుం వాల్చడం. మధ్యాహ్నం అన్నానికి బదులు రొట్టెలో వేరుశనగ ముద్ద.

గాలి సంగతి వేరే చెప్పాలి. చాలామంది పడమటి నుంచి తూర్పుకే వెళ్తారు, వెనకగాలి దొరుకుతుందన్న ఆశతో. చలికాలంలో ఆ ఆశ చాలాసార్లు ఫలిస్తుంది. ఫలించనప్పుడు మాత్రం గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగం కూడా దక్కదు. అప్పుడు నీటి లెక్కంతా తారుమారవుతుంది. రెండు రోజులకని పట్టుకున్న నీళ్లు మూడు రోజులకు సర్దాలి. పది పన్నెండు లీటర్లు మోస్తే బరువు పది పన్నెండు కిలోలు. ఎక్కువ మోస్తే వేగం తగ్గి ఎక్కువ తాగాలి. తక్కువ మోస్తే గాలి మారితే చిక్కు. ఈ తూకం ఎవరూ నేర్పలేరు, రోడ్డు మీదే తెలుస్తుంది. రోడ్‌హౌసుల్లో కూడా నీళ్లు చవగ్గా రావు. ఉప్పు నీటిని శుద్ధి చేసుకోవడమో, లారీల్లో తెప్పించుకోవడమో తప్పదు. అందుకే చాలా చోట్ల సీసా కొనుక్కోవాల్సిందే. కొన్ని విశ్రాంతి స్థలాల్లో వాన నీటి తొట్లుంటాయి, నిండి ఉంటాయన్న భరోసా లేదు.

ఎండాకాలంలో ఈ దారి పట్టడం తెలివైన పని కాదు. 2019 డిసెంబర్ 19న నల్లర్‌బార్‌లో 49.9 డిగ్రీలు నమోదైంది. రెంటచింతల, రామగుండం ఎండలు చవిచూసినవాళ్లకు ఆ అంకె ఏమిటో ఒంటికే తెలుస్తుంది. అక్కడ పారిపోయి నిలబడటానికి వేపచెట్టు నీడ కూడా ఉండదు.

ఇంతకీ ఆదుకునేదెవరు? రిటైరయ్యాక ఇల్లే బండికి తగిలించుకుని దేశం తిరిగే ముసలి దంపతులు. వాళ్లను అక్కడ ‘గ్రే నోమాడ్స్’ అంటారు, నెరిసిన జుట్టు సంచారులని. వాళ్ల బండిలో పెద్ద నీళ్ల ట్యాంకు, ఫ్రిజ్ ఉంటాయి. సైకిల్ కనిపిస్తే ఆపి, సీసాలు అడిగి మరీ నింపుతారు, చల్లని నారింజ పండు చేతిలో పెడతారు. ఒక సైకిల్ ప్రయాణికుడి డైరీలో ఇలాంటి నారింజ పండు గురించి రాయని పేజీ ఉండదేమో.

లారీలవాళ్లూ అంతే. రెండు ట్రైలర్లు తగిలించుకుని 36 మీటర్ల పొడవున వచ్చే ‘రోడ్ ట్రెయిన్’ పక్కనుంచి పోతే గాలి మొదట తోసి, తర్వాత లాగుతుంది. రోడ్డు అంచు సన్నం. వెనకనుంచి ఒకటి, ఎదురుగా ఒకటి ఒకేసారి వస్తున్నాయని అద్దంలో కనిపిస్తే సైకిల్ దిగి కంకర మీదికి జరగడం ఒక్కటే దారి. దాన్ని చిన్నతనంగా భావించినవాళ్లు ఎక్కువ కాలం తొక్కలేరు. డ్రైవర్లు ఒకరికొకరు రేడియోలో చెప్పుకుంటారు, ఫలానా చోట తూర్పుకు ఒక సైకిల్ పోతోందని. తన గురించి ఆ గాలిలో మాటలు నడుస్తున్నాయని తొక్కేవాళ్లకు తెలియను కూడా తెలియదు. అత్యవసరమైతే దిగడానికి ఫ్లయింగ్ డాక్టర్ల విమానాలకు ఈ హైవే మీదే అక్కడక్కడా రన్‌వే గీతలు గీసిపెట్టారు.

దారి పొడవునా చిత్రాలు లేకపోలేదు. 1979 జులైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కూలబోతోందని తెలుగు పల్లెల్లో జనం ఎంత హడలిపోయారో పెద్దవాళ్లకు గుర్తే. కోళ్లూ మేకలూ కోసుకు తిన్నారు, ఆ ఏడాది పుట్టిన పిల్లలకు స్కైలాబ్ అని పేరు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ భయం మీద 2021లో తెలుగులో సినిమా కూడా వచ్చింది. మన నెత్తిన పడుతుందనుకున్న ఆ ముక్కలు చివరికి రాలింది ఇక్కడే, ఎస్పెరెన్స్ ఊరు, బల్లడోనియా చుట్టుపక్కల. బల్లడోనియా రోడ్‌హౌస్‌లో చిన్న మ్యూజియం కట్టి ఆ కథ చెబుతున్నారు. చెత్త పారేసినందుకు ఎస్పెరెన్స్ స్థానిక సంస్థ నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది.

మదూరా అనే మజిలీకి కూడా మనతో ఒక ముడి ఉంది. 1870లలో బ్రిటిష్ ఇండియా సైన్యానికి కావలసిన గుర్రాలను పెంచడానికి వెలిసిన చోటు అది. అక్కడే రోడ్డు పీఠభూమి అంచు మీంచి కిందికి జారుతుంది. వందల కిలోమీటర్ల బల్లపరుపు తర్వాత వచ్చే ఆ కొద్దిపాటి దిగుడులో పెడలు తొక్కకుండా గాలిని ముఖాన కొట్టించుకోవడం సైకిల్ వాళ్లకు పండగ. ఆ పండగ బాకీ యూక్లా ఎక్కుడు దగ్గర తీర్చుకోవాలి. గడియారానికి కూడా ఇక్కడ సొంత నియమం ఉంది. కైగూనా అనే మజిలీ దాటగానే ముల్లును 45 నిమిషాలు ముందుకు జరుపుకోమని బోర్డు చెబుతుంది. రెండు రాష్ట్రాల సమయాలకు మధ్యన, ఆ నాలుగైదు మజిలీలవాళ్లు తమకని ఉంచుకున్న కాలం అది.

ఈగల బాధ మాటల్లో చెప్పలేనిది. టోపీకి దోమతెర లాంటి వల తగిలించుకుంటే తప్ప నోరు తెరవలేరు. చక్రాలకు మన పల్లేరుకాయల్లాంటి ముళ్ల కాయలు. గుడారం వేసేముందు చేత్తో నేల తడిమి చూసుకోవాలి, లేదంటే పొద్దున లేచేసరికి రెండు టైర్లూ నేలకు అంటుకుని ఉంటాయి. చీకటి పడ్డాక ఇవన్నీ మరుపున పడతాయి. కనుచూపు మేర దీపం లేని చోట పాలపుంత ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుచుకుని ఉంటుంది. గుడారం గుడ్డ తీసేసి పడుకునేవాళ్లున్నారు.

పుణె అమ్మాయి

ప్రపంచాన్ని సైకిల్ మీద చుట్టిన రికార్డు కావాలంటే కనీసం 18,000 మైళ్లు, అంటే 29 వేల కిలోమీటర్లకు దగ్గరగా తొక్కాలి. భూగోళం మీద ఒకదానికొకటి సరిగ్గా అవతలి వైపున ఉండే రెండు చోట్లను తాకాలి. ఈ నిబంధన వల్ల చాలామంది దారిలోకి పెర్త్ నుంచి తూర్పుకు పోయే ఈ మైదానం వచ్చి పడుతుంది. 2018లో స్కాట్లండ్‌కి చెందిన జెన్నీ గ్రేయమ్ వెంట బండి లేకుండా 124 రోజుల్లో ప్రపంచం చుట్టినప్పుడు ఇటే వచ్చింది.

అదే ఏడాది జులైలో పెర్త్‌లో పెడలు మీద కాలు పెట్టింది వేదాంగి కులకర్ణి. పుణెకు చెందిన పందొమ్మిదేళ్ల అమ్మాయి, ఇంగ్లండ్‌లో చదువుతోంది. 14 దేశాలు, 159 రోజులు, 29 వేల కిలోమీటర్లు, అందులో అధిక భాగం ఒంటరిగానే. కెనడాలో ఎలుగుబంటి వెంటపడింది. స్పెయిన్‌లో కత్తి చూపి దోచుకున్నారు. రష్యాలో మంచులో గుడారం వేసుకుని పడుకుంది. డిసెంబర్‌లో కోల్‌కతాలో ప్రధాన ప్రయాణం ముగించి, మిగిలిన కొద్ది కిలోమీటర్ల లెక్క సరిచేయడానికి మళ్లీ పెర్త్ వెళ్లింది. పందొమ్మిదేళ్ల ఆడపిల్ల ఒంటరిగా పక్క ఊరికి వెళతానన్నా నలుగురు నాలుగు మాటలనే దేశం నుంచి ఈ పని జరిగింది. ఆ ఇంట్లో పెద్దవాళ్లు ‘వెళ్లిరా’ అన్న ఆ ఒక్క మాట దగ్గరే ఈ కథ మొదలయ్యిందని చెప్పాలి.

అన్ని ప్రయాణాలూ ఇలా ముగియవు. 2017 మార్చిలో ఫ్రీమాంటిల్ నుంచి సిడ్నీకి, ఖండం ఆ కొస నుంచి ఈ కొసకు 5,500 కిలోమీటర్ల సైకిల్ పందెం జరిగింది. ఎవరి సామాను వారిదే, ఎవరి తిండి వారిదే. బ్రిటన్‌కి చెందిన మైక్ హాల్ రెండో స్థానంలో ఉన్నాడు. యూరప్‌లో ట్రాన్స్‌కాంటినెంటల్ పందేన్ని మొదలుపెట్టిన మనిషి, ఒంటరి సైకిల్ వీరులంతా గురువులా చూసే మనిషి. నల్లర్‌బార్‌ను క్షేమంగా దాటేశాడు. మార్చి 31న, కాన్‌బెరా దగ్గర, ఇంకా తెల్లవారకముందే కారు ఢీకొని చనిపోయాడు. వయసు 35. పందెం అక్కడికక్కడే ఆపేశారు. ఎడారిలో కాదు, ఊళ్ల దగ్గర, మామూలు రోడ్డు మీద. మెరిసే చొక్కా, వెనక ఎర్ర దీపం, చీకట్లో తొక్కకపోవడం, వీటి గురించి ఎవరు ఎంత చెప్పినా తక్కువే.

మన దేశం నుంచి వెళ్లాలనుకునేవాళ్లు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. సైకిల్‌ని విప్పి అట్టపెట్టెలో సర్దేముందు టైర్ల సందుల్లోని మట్టిని బ్రష్‌తో కడిగేయాలి. పరాయి నేల మట్టి, గింజ ఏదీ లోపలికి రానివ్వరు, విమానాశ్రయంలో విప్పి చూస్తారు. హెల్మెట్ లేకుండా తొక్కితే జరిమానా. మిగతాదంతా అక్కడి తెలుగువాళ్లు చెబుతారు, పెర్త్‌లోనూ అడిలైడ్‌లోనూ మనవాళ్లు తక్కువేం లేరు.

మళ్లీ దారిలోకి వస్తే, నల్లర్‌బార్ రోడ్‌హౌస్ దగ్గర్లో నేల ఒక్కసారిగా తెగిపోతుంది. అరవై నుంచి తొంభై మీటర్ల లోతున దక్షిణ సముద్రం. మే నుంచి అక్టోబర్ దాకా తిమింగలాలు అక్కడికి పిల్లల్ని కనడానికి వస్తాయి. ఐర్‌కు చెలమలు చూపించిన దిబ్బలు కూడా అక్కడే. ఆ తర్వాత యలటా, 1950లలో అణుబాంబుల పరీక్షల వేళ తమ నేల విడిచిరావాల్సి వచ్చిన అనంగు జనం ఉంటున్న ఊరు. అక్కడినుంచి మెల్లగా గోధుమ పొలాలు, కంచెలు, గొర్రెలు. రోడ్డు పక్కన ఉత్తరాల డబ్బా కనిపిస్తుంది, అంటే ఎక్కడో ఇల్లుంది.

పెనాంగ్ ఊరి పొలిమేరలో గాలిమరలు తిరుగుతుంటాయి. ఒకటీ రెండూ కావు, గుంపుగా. ఊరంతటికీ భూమిలోంచి నీళ్లు తోడింది అవే. వాటిని పోగుచేసి ఒక మ్యూజియం పెట్టుకున్నారు, 35 అడుగుల రెక్కల చట్రమున్న మర కూడా అందులో ఉంది. వెయ్యి కిలోమీటర్లకు పైగా సీసాలోని నీటి గీతను చూసుకుంటూ వచ్చినవాళ్లు ఆ మరల కింద సైకిల్ ఆనించి చాలాసేపు ఉండిపోతారు.

మరో 73 కిలోమీటర్లకు సీడూనా. ఊరి ముంగిట తనిఖీ కేంద్రం. పండ్లీగ వస్తుందని పండ్లూ కూరగాయలూ దాటనివ్వరు. ఎవరో ఇచ్చిన చివరి నారింజను రోడ్డు పక్కనే ఒలుచుకుని తిని, తొక్కలు డబ్బాలో వేసి, ఖాళీ సంచులు చూపించి లోపలికి వస్తారు. సముద్రపు ఒడ్డు వైపు పార్కులో కుళాయి ఉంటే దాని ముందు ఆగుతారు. సీసాలు నింపుకోవాలన్న తొందర లేదు. తల వంచి, మెడ మీద, చేతుల మీద, ఉప్పు కట్టిన ముఖం మీద నీళ్లు పారిస్తారు. కింద ఎంత పారిపోతున్నా పట్టించుకోకుండా, కుళాయి కట్టేయకుండా, చాలాసేపు.